హారనూ బ్రేకూ మేమూ

ఏప్రిల్ ఇరవై మూడున బడికి తాళం పడింది.
మర్నాడు పొద్దున్నే
తవిటినాయుడు స్పానరు పట్టుకుని
వ్యానులో సీట్లు విప్పడం మొదలెట్టాడు.
పద్నాలుగు సీట్లూ మా వాకిట్లో వరసగా కూర్చున్నాయి,
ఎవరైనా హాజరు పిలుస్తారేమోనని.
బోల్టులన్నీ హార్లిక్స్ సీసాలో వేసి
మణిదీపు చేతికిచ్చాడు.
"ఒక్కటి పోయినా నీ తోలు తీస్తాను."

ఖాళీ అయ్యేసరికి ఆ పసుప్పచ్చ బండి
మా ఇంట్లో గది కంటే పెద్దది.
రెండు ఈతచాపలు, ఒక బొంత, చిన్న గ్యాసుబుడ్డి,
ఉప్పుచేప, చింతపండు,
నా కుట్టుమిషను మూత.
కూరలు తరగడానికి అంతకన్నా మంచి పీట లేదు.

కుక్కలు రెండు.
హారన్ ముందు సీట్లో. బండి హారన్ రెండేళ్ళుగా మూగది,
ఆవు అడ్డొస్తే అరిచే ఉద్యోగం దీనిది.
బ్రేకు ముసలిది, పడుకుంటే లేవదు.
"మన బండికి గట్టి బ్రేకు ఇదొక్కటే"
అంటుంది జోషిత. వాళ్ళ నాన్న నవ్వడు.

రాజాం దాటిన దగ్గర్నించీ
టీకొట్టు టీకొట్టుకీ ఒకటే ప్రశ్న:
"ఏ బడమ్మా మీది? ఫీజెంతేటి?"
"కుక్కల బడి తాతా, ఎల్‌కేజీలో రెండే సీట్లు, నిండిపోనాయి."

శాలిహుండం కొండెక్కి చూస్తే
కింద వంశధార అంచు కుట్టని బట్ట.
నీరు ఎక్కడాగిందో ఇసక ఎక్కడ మొదలైందో
ఇరవయ్యేళ్ళుగా అంచులు కుడుతున్న నాకే తెలియలేదు.

కళింగపట్నంలో నది సముద్రాన్ని కలిసేచోట
గీత ఉంటుందనుకున్నాడు మణిదీపు.
అడుగడుగునా వేలు ముంచి నాకి చూశాడు.
చప్ప. చప్ప. కొంచెం. ఉప్పు!
అక్కడొక బోల్టు గుచ్చాడు, సరిహద్దు రాయిలాగ.
ఇంతలో కెరటమొచ్చి సరిహద్దుని తినేసింది.
వాడు ఏడుపుమొహం పెట్టి సీసా లెక్కపెడుతుంటే
ఏ పిలుపుకీ లేవని బ్రేకు
లేచి, ఒళ్ళు దులుపుకుని,
నీళ్ళలోకి నడిచి వెళ్ళి నిలబడింది.
పొట్ట తడిసేదాకా.
ఎటో చూస్తూ.
ఎవరం పిలవలేదు.

తేలినీలాపురం మాత్రం మూడేళ్ళ మాట.
"ఈసారి పిట్టల్ని చూపిస్తాను,
ముక్కు కింద సంచీ ఉంటాది,
అందులో మీ ఇద్దరూ పడతారు."
బడి ఉన్న రోజుల్లో బడి బాడుగ,
ఆదివారాల్లో పెళ్ళి బాడుగ.
పిట్టలున్నన్నాళ్ళూ బండికి తీరిక లేదు.

చెట్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.
గూళ్ళున్నాయి. గూళ్ళలో గాలి.
హారన్ పైకి చూసి ఒకసారి మొరిగి
తప్పు చేసినట్టు ఊరుకుంది.
పేడకళ్ళెత్తుతున్న ముసలమ్మ తట్ట దించింది.
"ఆలీసెం సేసినారు నాయినా.
పురుటికొచ్చిన ఆడపిల్లలు గదా,
బిడ్డలకి రెక్కలొచ్చీగానే ఎల్లిపోనారు.
కార్తీకంల రండి, మల్లా వొస్తారు."

తవిటినాయుడు బండి తుడవసాగాడు.
తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు.
పిల్లలు గూళ్ళు లెక్కపెట్టారు, నూట పన్నెండు,
కాదు నూట తొమ్మిదని జోషిత,
సాయంత్రందాకా అదే గొడవ.
పిట్టల్ని చూసినా అంత గొడవ పడేవారు కాదేమో.

ఆ రాత్రి భావనపాడు ఇసకలో
నలుగురం, రెండు కుక్కలం.
చీకట్లో ఆయన గొంతు:
"అంత దూరం నించి వొస్తాయి గదా,
వాటికి సెలవెవరిస్తారే?"
నిద్రపోయినట్టు నటించాను.

జూన్ పన్నెండు.
పద్నాలుగో సీటుకి ఒక బోల్టు తక్కువ.
ఎవరి తోలూ తీయలేదు.
కొత్త బోల్టు కొంటానన్నాడు, ఇంకా కొనలేదు.
ఆ సీట్లో కూర్చునే ఒకటో తరగతి గుంటడు
మలుపు మలుపుకీ ఓ పక్కకి ఊగుతాడు.
ఆ సీటు కోసమే
రోజూ అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడుతున్నాడు.