సగం గొంతు

నలభై డాలర్లకి అమ్మాడు జ్వొన్కో ఆ రేడియోని.
మర్నాడే వెనక్కి పట్టుకెళ్ళాను.
"ఇందులో మనుషుల్లేరు, బాతులున్నాయి" అన్నాను.

కూబర్ పీడీలో మా కాపురాలు నేల కింద.
ఒపల్ రాళ్ళ కోసం తవ్విన బొరియల్లోనే
మంచాలూ, పొయ్యిలూ, పుట్టినరోజులూ.
గాలిగొట్టంలోంచి పైకి పాకిన తీగ,
పైన ఎండలో ఒంటరిగా ఏంటెనా.
జ్వొన్కో వంటింటి గోడ మీద
తవ్వే యంత్రం పళ్ళ గీతలు
అప్పుడే దువ్విన తలలా ఉంటాయి.

కాఫీ కాచాడు. అడక్కుండానే మూడు చెంచాల చక్కెర.
పదహారో ఛానల్, దిగువ పక్క.
మళ్ళీ అవే,
గంప కింద మూసిన బాతులు.

"పాడవలేదు.
మామూలు రేడియో ఏం చేస్తుందో తెలుసా?
ఎడమ నుంచి ఒక మాట, కుడి నుంచి అదే మాట,
నడుమ సరుకే లేని ఓ లారీ.
డీజిలంతా ఆ లారీయే తాగేస్తుంది.
ఇదేమో లారీని పంపదు.
రెండు ప్రతుల్లో ఒకటి చించేస్తుంది.
మిగిలినదాన్నే ఉన్న బలమంతా పెట్టి విసురుతుంది."

"మరి లారీ?"

"అది వినేవాడి ఇంట్లో ఉండాలి.
నువ్వే తెచ్చి కలపాలి.
పిసరు తేడా వచ్చినా
అవతల మనిషి బాతైపోతాడు."

నా వేళ్ళు పట్టుకుని క్లారిఫయర్ నాబ్ మీద పెట్టాడు.
అతని గోళ్ళలో ఇంకా గని దుమ్మే.
ఇటు తిప్పితే బాతు.
అటు తిప్పితే బావిలో రాక్షసుడు.
రెంటి మధ్యా ఎక్కడో
వెంట్రుకవాసి చోటులో
ఒక మనిషి కూర్చుని ఉన్నాడు:
"...కుక్కని పాము కరిచింది, బతుకుతుందిలే అన్నాడు డాక్టరు..."

కార్నార్వన్ రేవులో రొయ్యల పడవ మీద
బ్యారీ హెస్కెత్, ముప్పై ఏడో నంబరు.
మధ్యలో రెండువేల కిలోమీటర్ల ఎర్రమట్టి.
నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో.

ఆ ఏడాది సూర్యుడి నిండా మచ్చలు.
మన ముఖాన మచ్చ లేస్తే అద్దం దాచేస్తాం,
ఆయనకి లేస్తే దూరాలు దగ్గరవుతాయి.
సాయంత్రాలన్నీ అక్కడే గడిపేదాన్ని.
"చెయ్యి తీసెయ్యకు" అనేవాడు జ్వొన్కో.
"వేడెక్కితే రేడియో జారుతుంది.
ఒకసారి కుదిరిందని నిద్రపోతే
లేచేసరికి మళ్ళీ బాతే."

ఆగస్టులో అతనే జారాడు.
పోర్ట్ అగస్టా ఆస్పత్రిలో
ముఖం ఒక పక్కకి ఒరిగిపోయి,
మాటలో సగం క్రొయేషియన్, సగం ఇంగ్లిష్,
మిగతా సగం ఏదీ కాదు.
నర్సు మంచిదే. "అలాగే తాతా, అలాగే" అని తల ఊపుతోంది.
ఆ ఊపు నాకు తెలుసు.
బాతులు వినేవాళ్ళు అలాగే ఊపుతారు.

కోటు జేబులో నా బొటనవేలూ చూపుడువేలూ
వాటంతటవే తిరగడం మొదలెట్టాయి.
కొంచెం ఇటు. కాదు. మరికాస్త.
అతను మూడుసార్లు అన్నాడు అదే మాట.
అమ్మ పేరేమో అనుకున్నాను.
నీళ్ళేమో అనుకున్నాను.
నాలుగోసారికి దొరికింది:

"ఎలుక."

"ఎలుకలు తీగ కొరికాయా?"
ముఖంలో పనిచేసే పక్క నవ్వింది.
అప్పటికి రెండు వారాలుగా గొంతులు నీరసిస్తున్నాయట,
నాకు చెప్పాలనుకుంటూ ఉండగానే పడిపోయాడట.

ఐదువందల నలభై కిలోమీటర్లు వెనక్కి వచ్చి
నిచ్చెనేసి గాలిగొట్టంలోకి టార్చి కొట్టాను.
నిజమే. జానెడు మేర రాగి బయటపడి మెరుస్తోంది.
టేపు చాల్లేదు, కొత్త ముక్క అతికాను,
చెయ్యి కాల్చుకున్నాను, తిట్టుకున్నాను.

"జ్వొన్కో ఏడీ? ఎవరైనా ఉన్నారా?"
పదహారులో బ్యారీ అడుగుతున్నాడు.

నేనెప్పుడూ ఆ మైకు నొక్కలేదు.
నొక్కాను. నా పేరు చెప్పాను, మెరిన్ అని.
అతను బతికే ఉన్నాడని చెప్పాను.

అవతల ఏమీ లేదు.
శ్వాస కూడా లేదు.
భయం వెయ్యలేదు నాకు.
రొయ్యల వాసనతో ఒక చెయ్యి అక్కడ
నన్ను వెంట్రుకవాసి
ఇటూ అటూ తిప్పుకుంటోంది.