తేట

పడమటి ఫ్యోర్డుల్లో డిసెంబరు.
మూడింటికే చీకటి పడిపోయింది.
ఐదో సెట్టు అయ్యాక బార్ నేలకు దించి
నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.
ఇనుము ఇంకా సన్నగా మోగుతోంది.

"స్టెయిన్‌వోర్, అరగంటలోపు తాగేయాలి"
అంటాడు సోల్వి. ఇరవై రెండేళ్లవాడు.
షేకర్‌లో స్ప్రింగు బంతి గలగల.
డబ్బా మీద వెనిలా అని ఉంది,
తాగితే తడిసిన అట్టపెట్టె రుచి.
ఆ మాటంటే నవ్వడు.
పొడి ముప్పై గ్రాములు, క్రియాటిన్ ఐదు,
పడుకోబోయే ముందు మెగ్నీషియం మాత్ర,
ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతాడు.

డబ్బా వెనక సన్నటి అక్షరాల కోసం
కళ్లజోడు వెతుక్కున్నాను.
పాల విరుగుడు తేట.
అంతేనా, అనుకున్నాను.

మా అమ్మమ్మ గుడ్రీదుర్ కొట్టుగదిలో
ఒక పీపా ఉండేది.
స్కీర్ పెరుగు వడకట్టగా దిగిన తేట
పులిసి పులిసి, మూత తీస్తే ముక్కుపుటాలు అదిరేవి.
చలికాలమంతా మాంసం అందులోనే ఊరేది.
గడ్డికోతల రోజుల్లో తాతయ్య
నీళ్లలో కలుపుకుని గటగటా తాగి
మూతి తుడుచుకుని మళ్లీ కొడవలి అందుకునేవాడు.
రికవరీ అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
దాన్ని రాత్రి అనేవాళ్లం.

తర్వాత డైరీ వచ్చింది.
తేట ఎవరికీ అక్కర్లేకపోయింది,
గొట్టం పెట్టి సముద్రంలోకి వదిలేశారు.
పదేళ్లదాన్ని, రేవు గట్టున కూచుని చూసేదాన్ని
నీళ్లు తెల్లబడడం,
సముద్రపు కాకులు గోలగోలగా దిగడం.
ఇన్నాళ్లకు అదే తేట
ఎండి, పొడై, ఏయే దేశాలు తిరిగిందో,
ఓడెక్కి మా ఊరొచ్చింది,
కిలో తొమ్మిది వేల క్రోనాలకు.

నవ్వొచ్చింది. తాగాను.

అయినా నవ్వడానికి నేనెవర్ని?
ముప్పై ఒక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో
కాడ్ తొట్లు ఎత్తాను.
ఎత్తినందుకు జీతం ఇచ్చారు.
పసుపు రంగు యంత్రం వచ్చాక
నన్ను ఒక మీట ముందు కూర్చోబెట్టారు.
కూర్చుని కూర్చుని
నా భుజాలు ఎవరివో అయిపోయాయి.
ఇప్పుడు నెలనెలా నేనే డబ్బు కట్టి
ఎవరికీ అక్కర్లేని బరువుని
ఎత్తిన చోటే దించుతున్నాను.
తేటా నేనూ ఒకే తాను ముక్కలం.

పొడి తప్పేం కాదు, మహత్తూ కాదు,
అంది డాక్టరు రగ్న్‌హెయిదుర్.
కాస్త చేప, కాస్త స్కీర్, కడుపునిండా నిద్ర,
మిగతాదంతా డబ్బా వాళ్ల బతుకుతెరువు.
సోల్వికి ఈ సంగతి చెప్పలేదు.
మొన్న తుఫానుకి ఓడ రాకపోతే
తన డబ్బాలోంచి నాకు రెండు చెంచాలు పెట్టాడు,
వేలితో అంచు సమం చేసి,
కరువులో పంచదార పంచినట్టు.

రెండోరోజుది అసలు నొప్పి.
మెట్లు దిగుతుంటే
తొడలు ఒక్కో మెట్టునీ పేరు పెట్టి తిడతాయి.
లోపల ఎవరో తెగిన వల బాగుచేసుకుంటున్నారు,
చలికాలం పొయ్యి పక్కన మా నాన్నలాగా
తొందర లేకుండా,
ప్రతి ముడినీ పళ్లతో బిగించి.
దారం ఎక్కడిదైతేనేం.

కాఫీకి నీళ్లు పెట్టాను.
డబ్బా అడుగున ఇంకో చెంచాడు ఉంది.
అయిపోయాక అందులో మేకులు పోసుకుంటాను.
మూత గట్టిది.