నొప్పి తీసుకోవడం

షెఫీల్డ్‌లో, మెట్ల కింద గదిలో
కత్తెరలు జత కలిపే హెస్టర్ క్రూక్స్‌కి
కంపెనీ వాళ్ళు ప్రశంసాపత్రం పంపారు.
ఎగ్జాక్టింగ్, రిగరస్, పెయిన్స్‌టేకింగ్...
ఒక్కో మాటా ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడింది.

"నొప్పి తీసుకోవడమట!
ఎవరిస్తే తీసుకున్నాను?
అదే వచ్చి కూర్చుంది బొటనవేలి కీలులో,
నా పద్దెనిమిదో ఏట."

కాగితాన్ని నిలువునా కోసింది.
చివర్లో, వెంట్రుకవాసి మేర,
కత్తెర నమిలింది.

మర సడలించి, ఒక రెక్క మీద సుత్తితో
ఒకే ఒక్క దెబ్బ,
పాలు తాగిన పసిబిడ్డ వీపు తట్టినట్టు.
చెవి దగ్గర పెట్టుకుని
మూసింది. తెరిచింది. మూసింది.

పని నేర్చుకునే ఆల్విన్ అడిగాడు:
"అయిపోయిందా?"

రిగరస్‌లో సగం
నేల మీద పడి ఉంది.
రెండో సగం అందుకుని
"ఇంకోసారి" అంది.