ఎటూ పోని తీగలు

హాన్‌కాక్‌లో ఆ రోజు సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద.
సుపీరియర్ సరస్సు మీంచి లేచిన మంచు
నా వ్యానులో నాకంటే ముందే ఎక్కి కూర్చుంది.

లేహ్తోలా అక్కచెల్లెళ్ళ ఇల్లు.
హిల్యాకి డెబ్బై తొమ్మిది, ఎప్పుడూ చలి.
సైమాకి డెబ్బై ఆరు, ఎప్పుడూ ఉక్క.
కింద హాల్లో ఒక థర్మోస్టాట్, మేడమీద ఒకటి,
మధ్యలో మెట్లమీద ముప్ఫై ఏళ్ళ తగువు.

"కొత్తది పెట్టు, ఫోన్లో తిప్పేది," అంది సైమా.
"ఫోను ఎవరి దగ్గరుంటుందో!" వంటింట్లోంచి హిల్యా.

తీగల చుట్టలు బల్లమీద పరిచాను.
రెండు పాయలది చాలదమ్మా,
కొత్త డబ్బా రాత్రంతా కన్ను తెరిచే ఉంటుంది,
దానికి నిత్యం తిండి పెట్టే 'సి' తీగ కావాలి.
ఐదు పాయలది సరిపోతుంది.
ఎనిమిదిదైతే అడుక్కి ఇరవై సెంట్లు ఎక్కువ.
రెండూ పద్దెనిమిదో గేజే, లోపల గట్టి రాగి.
రంగుల్ని మాత్రం నమ్మకండి.
కట్టినవాడి మనసు రంగులో కనబడదు.

కింది డబ్బా విప్పితే ఎర్రదీ తెల్లదీ, బుద్ధిగా.
మేడమీది డబ్బా విప్పాను.
జానెడు తీగలు రెండు
ఒకదాన్నొకటి చుట్టుకుని
నల్లటేపు కప్పుకుని పడుకున్నాయి.
గోడలోకి దారే లేదు.
టేపు మీద తెల్ల సుద్దతో ఒకే మాట: రౌహా.
వాళ్ళ ఫిన్నిష్‌లో శాంతి.

అంటే ముప్ఫై ఏళ్ళుగా
పడుకోబోయే ముందు ఈ చక్రం తిప్పి
"హమ్మయ్య, వెచ్చబడింది" అనుకుందన్నమాట హిల్యా.

వెనక్కి తిరిగాను.
సైమా చేతిలో టార్చి వణకలేదు.
"మా తమ్ముడు ఉర్హో పని.
ఆ రాత్రి కూడా టార్చి పట్టింది నేనే."
కాసేపు కిటికీలో మంచు చూసింది.
"ఎనిమిది పాయలదే వెయ్యి.
ఈసారి నిజంగా కట్టు."

ఐదు కిందికి, రెండు మేడకి.
మిగిలిన ఒక్కదానికి ఉర్హో టేపే చుట్టి
లోపలికి తోశాను.
గోడలో పాత మేకు దగ్గర అడ్డంపడి
గంటన్నర నా ప్రాణం తీసింది, అది వేరే కథ.

బిల్లు రాస్తుంటే పైన చక్రం తిరిగిన చప్పుడు.
మరుక్షణం నేలమాళిగలో బాయిలరు గుర్రుమంది.

హిల్యా మెట్లమీదకి పరిగెత్తుకొచ్చింది:
"ఏమిటే ఆ చప్పుడు?"

"గాలి," అంది సైమా,
స్వెట్టరు గుండీ ఒకటి విప్పుకుంటూ.