ముడి ముందుకు

పోర్ట్స్‌మత్ రేవులో ఆదివారం.
ఎనిమిది కొట్టింది.
తలుపు గడియ వేశాను.

మంచం మీద పరిచి ఉంది కోర్సెట్,
పావురం రంగు సాటిన్,
ఎడమ పక్కటెముక దగ్గర ఒక కుట్టు వంకర.
ఆ వంకర నాదే.
పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీలో
ఉక్కు పట్టీలకి గుడ్డలో దారులు కుడుతున్నాను,
ఆ ఒక్క మధ్యాహ్నం సూది నా మాట వినలేదు.
మేస్త్రమ్మ దాన్ని ఎత్తి చూసి, పెదవి విరిచి,
తప్పుల బుట్టలోకి విసిరింది.
శనివారం జీతంలో రెండు షిల్లింగులు వదులుకుని
నేనే తెచ్చుకున్నాను.

బుట్టలో ఇంకా పదిహేను ఉన్నాయి.
ఊరికే చెయ్యి పెట్టి తియ్యలేదు.
ముందు రాత్రి, ఊపిరి బిగబట్టకుండా,
పొట్టని పొట్టలా ఉండనిచ్చి
నడుము చుట్టూ దారం తిప్పి గుర్తుకి ముడి వేసుకున్నాను.
మా బల్ల దగ్గర పిల్లలు
పంతొమ్మిది అని ఒకతె, పద్దెనిమిదిన్నర అని ఒకతె,
అంగుళాలు తగ్గేకొద్దీ గొంతులు లేస్తాయి.
నాది ఇరవై ఎనిమిది.
దారానికి ఎవరి మెప్పూ అక్కర్లేదు.

"థర్జా! పైకి రానా, బిగిస్తాను?"
మెట్ల కింద నుంచి మిసెస్ టిజార్డ్.
మంచి మనిషి. వద్దన్నాను.

ఇదివరకు ఏంబ్రోస్ బిగించేవాడు.
ఓడ కొలిమిలో బొగ్గు వేసే చేతులు,
ఎంత తోమినా గోళ్ళ అంచున నలుపు పోదు.
మోకాలు నా వెన్నుకి ఆనించి
లంగరు పైకి తీస్తున్నట్టు లాగేవాడు.
ముడి మీద ముడి, తడిస్తే ఇంకా బిగిసే ముడి,
సరిగ్గా నా వేళ్ళు అందని చోట.
తరవాత టోపీ పెట్టుకుని
ఈల వేస్తూ వెళ్ళిపోయేవాడు.
వస్తే విప్పినట్టు.
రాకపోతే
కుర్చీలో నిటారుగా తెల్లవార్చేదాన్ని.
ఒకసారి కత్తెర తీశాను.
రెండు వారాల జీతం దాని ఖరీదు,
అంచులన్నీ నా చేతి కుట్లు.
కత్తెర మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.
అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అతను హాంకాంగ్‌లో ఉన్నాడంటారు కొందరు,
లేడంటారు కొందరు.
నేను అడగలేదు.

ముందు బొందు మొత్తం వదులు చెయ్యాలి,
ఇది చేతులకి తెలుసు, ఒంటికి తెలీదు.
తొందరపడి కొక్కెం పెట్టబోయాను,
పై కొక్కెం పట్టింది, కిందవి ఒకటీ కలవలేదు.
తీశాను. తిట్టాను. ఆదివారమని గుర్తొచ్చి
కొంచెం మెల్లగా తిట్టాను.
రెండోసారి, పైనుంచి రెండో కొక్కెం ముందు.
టక్. టక్. టక్.
అయిదూ కూర్చున్నాయి.

వెనక, నడుము దగ్గర,
బొందు రెండు ఉచ్చులుగా వేలాడుతోంది.
వాటిని తలుపు పిడికి తగిలించి
కిటికీ వైపు నడిచాను.
ఒక అడుగు.
రెండు.
మూడో అడుగులో ఊపిరి, చాలు, అంది.
ఆగాను.
అంతే, ఆగాను.
వీపు మీద ఏ మోకాలూ లేదు.

ఉచ్చులు పిడి నుంచి తీసి
రెండు వైపులా తిప్పి ముందుకి తెచ్చాను.
బొడ్డుకి కొంచెం పైన, కళ్ళకి కనబడే చోట,
చెప్పుల బొందులా జారుముడి.
వంకర కుట్టు పక్కటెముకని ఒక్కసారి పొడిచి
సర్దుకుంది.

చర్చి గంట మొదలైంది.
వెళ్ళాలి.
వెళ్ళే ముందు ఒక కొస పట్టుకుని లాగాను,
ఊడింది.
మళ్ళీ కట్టాను.
లాగాను. ఊడింది.
మళ్ళీ.

"ఏం చేస్తున్నావే అక్కడ, నవ్వుతున్నావా?"
అంటోంది కింద మిసెస్ టిజార్డ్.