హాఫ్ లైన్

బిట్రగుంట లోకోషెడ్డు టీములో
ఎనిమిదో నంబరు చొక్కా పెంచలరత్నానిది.
పదకొండు సీజన్లు. నాలుగు గోల్సు.
అందులో ఒకటి మా వలలోకే.

కావలి వాళ్లు ఒక ఏడాది అడిగి తీసకపోయారు,
గూడూరు వాళ్లు రెండేళ్లు.
బస్సు చార్జీ, పొట్లం బిర్యానీ,
గెలిస్తే ఒక తువ్వాల.
ఒంగోలులో వానలో ఆడినందుకు అదీ లేదు.

బంతి వాడి కాలి దగ్గర
రెండు క్షణాలకు మించి నిలిచేది కాదు.
తల ఎత్తకుండానే తెలుసు వాడికి
నేనెక్కడ పరిగెత్తుతుండానో.
గోలు కొట్టిన నన్ను జనం భుజాలకెత్తుకుంటే
వాడు అప్పటికే వెనక్కిపోయి
హాఫ్ లైన్ కాడ సాక్సు పైకి లాక్కుంటా ఉండాడు.
పేపర్లో నా పేరు, తప్పుగానైనా, పడింది.

మోకాలు పోయింది ఒక లీగు మ్యాచిలో,
చూసేందుకు పదిమంది కూడా రాని సాయంత్రం.

మొన్న విజయవాడ ప్యాసింజరు దిగి
అడ్డదారిన యార్డులో నడుస్తుంటే కనిపించాడు.
పాయింట్స్‌మన్ చొక్కా. ఎడమకాలు ఈడ్చుకుంటా వచ్చి
లివరు లాగాడు.
గూడ్సు బండికి పక్క లైను తెరుచుకుంది.

"ఎట్టుండావు రత్నం?" అన్నా.
తల ఎత్తకుండానే అన్నాడు:
"కుడికి జరుగు. బండి వస్తా ఉండాది."