ఒంటిగంట

బుధవారాలు చర్చిలో కుర్చీలు వేసే పని నాది.
నూట ఇరవై వేస్తాను. నలభై నిండితే పండగ.
ఐసెల్ నది మీది చలి
తలుపు సందుల్లోంచి అందరికంటే ముందొచ్చి కూర్చుంటుంది.
దానికి టికెట్ లేదు.
అసలెవరికీ లేదు, వెళ్ళేటప్పుడు రాగి పళ్ళెంలో
తోచింది వేసి పోతారు.
ఒకసారి కోటు బొత్తం పడింది.

ఇక్కడ నేలంతా సమాధులే.
నాలుగు వందల ఏళ్ళ చెప్పుల కింద
పేర్లు అరిగి అరిగి
రాళ్ళన్నీ తుడిచేసిన పలకలయ్యాయి.
సెల్లో వాయించడానికొచ్చిన పిల్ల, ఫెమ్కె,
దాని ఇనుప ములుకు ఆన్చడానికి చోటు వెతికింది.
ఉప్పుచేపల వర్తకుడొకడి పేరులో
సున్నలాంటి అక్షరం ఒక్కటి మిగిలింది,
అందులో ఆన్చింది.
"ఏమైనా అనుకుంటాడా?" అంది.
"ఎనిమిదేళ్ళుగా ఏమీ అనలేదు" అన్నాను.

పన్నెండుంబావుకి మొదలు.
ఎప్పటి మనుషులే.
శాండ్‌విచ్ కాగితం చప్పుడవకుండా విప్పడంలో
ఆరితేరిన బ్యాంకు గుమస్తా.
తప్పిన స్వరాలు వేళ్ళమీద లెక్కపెట్టే
రిటైరైన మాస్టారు.
చివరి వరసలో, స్తంభం పక్కన, ఆల్తియె.

ఆల్తియెది ఎదురుగా ఉన్న చీజ్ కొట్టు.
తెల్ల ఏప్రన్ మీదే కోటు తొడుక్కొని వస్తుంది,
గోపురం మీద ఒంటిగంట కొట్టగానే లేస్తుంది.
ఆ గంట మోగేది ఒక్కసారే, ఒంటరిగా.
వాయించేవాళ్ళు కమాను గాల్లోనే ఆపి
దాన్ని దాటనిస్తారు,
గేటు పడ్డాక రైలు కోసం ఆగినట్టు.
ఆ సందులో ఈమె జారుకుంటుంది.
పదకొండేళ్ళు.
ఏ వాయింపుకీ చివర వినలేదు.
కష్టంగా ఉండదా అని ఓసారి అడిగాను.
"చీజ్ కోసి పొట్లం కట్టి ఇస్తాను,
ఆఖరి ముక్క ఎవరు తిన్నారో నాకేం తెలుసు" అంది.

ఈ వారం గడియారం విప్పేశారు.
పళ్ళచక్రం ఒకటి అరిగిందట,
సోమవారం నలుగురు మోకులు కట్టి దింపుకుపోయారు.
ఆల్తియెకి ఎవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

ఒంటిగంటయింది.
నా చేతి గడియారానికి మాత్రమే తెలుసు.
ఆమె చెయ్యి అలవాటుగా కోటు బొత్తం దాకా వెళ్ళి
అక్కడే ఉండిపోయింది.
కింది తీగ మీది స్వరం
ములుకు వెంట రాతిలోకి దిగి
నా కుర్చీ కోళ్ళలోంచి పైకొచ్చి
మోకాళ్ళ దగ్గర నిలబడింది.
తర్వాత సన్నబడింది.
ఇంకా సన్నబడింది.
ఎక్కడ అయిపోయిందో ఎవరమూ పట్టుకోలేకపోయాం,
కమాను తీగ వదిలాక గాని తెలియలేదు.

చప్పట్లు. ఆల్తియె కొట్టలేదు.
"ఇంతేనా?" అంది నా వైపు తిరిగి.
కోపమో నవ్వో ఆ మసక వెలుతురులో ఆనలేదు.
"ఇంతే."
"నేనింకా పెద్దగా ఉంటుందనుకున్నాను."

అప్పుడు చూసుకుంది టైము.
అమ్మో అని పరుగు.
కొట్టు ముందు ఐదుగురు, ఒక కుక్క, ఒక తడిసిన సైకిలు.
తాళం చెవి సగం తిప్పి, ఆగి,
వెనక్కి తిరిగి గోపురం వైపు తలెత్తింది.
నేనూ గుమ్మంలోంచి చూశాను.
గడియారం ఉండాల్సిన గుండ్రటి కన్నంలో
పావురం ఒకటి
తీరిగ్గా అటూ ఇటూ నడుస్తోంది.